సర్వర్ ఆపేస్తే కొన్న ఆట ఏమవుతుంది?

2024 మార్చి 31న ఫ్రెంచి కంపెనీ యూబీసాఫ్ట్ 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను ఆపేసింది. 2014 డిసెంబరులో విడుదలైన ఆట అది. అమెరికా దేశాన్నంతా కుదించి ఒకే పటంలో పెట్టారు. న్యూయార్క్‌లో కారెక్కితే దారిలో ఎక్కడా తెర మారకుండా లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లిపోవచ్చు. పందేల మీద మోజు లేనివాళ్లు ఎడారి రోడ్ల మీద, మంచు కొండల మీద ఊరికే తిరిగేవారు. లక్షల మంది ఆడిన ఆ ఆట ఆ రోజు తర్వాత ఎవరికీ తెరుచుకోలేదు. డబ్బిచ్చి కొన్న డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నవాళ్లకు కూడా. ఇతరులతో పని లేకుండా ఒక్కరే ఆడుకునే కథ భాగం కూడా పోయింది. కొద్ది రోజులకే పీసీలో కొన్నవాళ్ల అకౌంట్లలోంచి ఆ ఆట లైసెన్సును కూడా వెనక్కి తీసుకోవడం మొదలైంది.

సర్వర్ల నిర్వహణ, లైసెన్సుల ఇబ్బంది కారణాలని కంపెనీ చెప్పింది. అవి నిజమైన కారణాలే. ఆటలో కనిపించే ప్రతి కారుకూ దాన్ని తయారుచేసిన సంస్థతో ఒప్పందం ఉంటుంది. కారు రేడియోలో మోగే ప్రతి పాటకూ ఉంటుంది. ఒప్పందాలకు గడువు తీరుతుంది. కానీ గడువు తీరినంత మాత్రాన ఆట చచ్చిపోవాలని లేదు. మైక్రోసాఫ్ట్ వారి 'ఫోర్జా హొరైజన్ 4' కూడా ఇలాంటి కార్ల ఆటే. దాని అమ్మకాన్ని 2024 డిసెంబరు 15న ఆపేశారు. కొత్తవాళ్లకు అది దొరకదు, అంతవరకే. అప్పటికే కొన్నవాళ్ల ఆటను ఎవరూ ముట్టుకోలేదు.

రెండింటికీ తేడా ఆటను కట్టిన తీరులో ఉంది.

తొంభైల్లో తెలుగు ఇళ్లలో టీవీకి తగిలించుకున్న వీడియో గేమ్ పెట్టెలు చాలామందికి గుర్తుంటాయి. క్యాసెట్ అడుగున ఉఫ్ అని ఊది, పెట్టెలో గుచ్చితే 'కాంట్రా', 'మారియో' మొదలయ్యేవి. ఆ క్యాసెట్‌లో ఉన్నది టేపు కాదు, చిప్పు. ఆట మొత్తం, అంటే బొమ్మలు, సంగీతం, శత్రువు ఎప్పుడు దూకాలో చెప్పే లెక్కలు అన్నీ అందులోనే ఉండేవి. ఆటను తయారుచేసిన కంపెనీ మూతపడినా ఆ క్యాసెట్‌కు ఆ సంగతి తెలియదు. తర్వాత వచ్చిన సీడీలు, డీవీడీలు చాలావరకు ఇంతే.

ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చాక ఆట రెండు ముక్కలైంది. ఒక ముక్క ఆడేవాళ్ల యంత్రంలో, రెండోది కంపెనీ సర్వర్‌లో. వంద మందిని ఒకే దీవిలో దింపే ఆటకు ఇది తప్పదు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి తూటా ఎవరికి తగిలిందో మధ్యలో ఒక కంప్యూటర్ తేల్చాలి. కానీ ఒంటరిగా ఆడుకునే ఆటల్లో కూడా కొన్ని కంపెనీలు కావాలనే కొంత భాగాన్ని సర్వర్‌లో ఉంచుతాయి. దొంగ కాపీలు ఆడకుండా చూడటం ఒక కారణం. ఆటలో అమ్మే దుస్తులు, ఆయుధాల లెక్క తమ చేతిలో ఉండటం మరో కారణం. 'ది క్రూ'లో ఆటగాడి డబ్బు, కార్లు, ముందుకు సాగిన మేర అన్నీ సర్వర్ చెబితేనే ఉన్నట్టు. సర్వర్ పలకకపోతే డిస్కులో ఉన్న వేల మైళ్ల రోడ్లు ఉన్నా లేనట్టే.

ఇలా పోయిన ఆటల్లో బాగా ఆడినవీ ఉన్నాయి, ఆడనివీ ఉన్నాయి. సోనీ కంపెనీ 'కాంకార్డ్' అనే షూటింగ్ గేమ్‌ను 2024 ఆగస్టు 23న విడుదల చేసి, జనం రాకపోవడంతో సెప్టెంబరు 6న ఆపేసింది. రెండు వారాల ఆయుష్షు. కొన్నవాళ్లందరికీ డబ్బు తిరిగి ఇచ్చింది. ఆ మర్యాద అందరికీ దక్కలేదు. 2019లో వచ్చిన ఈఏ వారి 'ఆంథెమ్'కు 2026 జనవరి 12 ఆఖరి రోజని ముందే తేదీ ప్రకటించి ఆపేశారు.

పాత కాలపు ఆటల ప్రపంచంలో అతి పెద్ద పరాజయంగా చెప్పుకునే ఆటను వీటి పక్కన పెట్టి చూడాలి. 1982లో స్పీల్‌బర్గ్ సినిమా 'ఈ.టీ.' విజయాన్ని సొమ్ము చేసుకోవాలని అటారీ కంపెనీ హడావుడిగా ఒక ఆట చేయించింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ దాన్ని సుమారు 5 వారాల్లో రాశాడు. క్రిస్మస్‌కు లక్షల కాపీలు దుకాణాలకు చేరాయి, అమ్ముడుపోక తిరిగివచ్చాయి. 1983 సెప్టెంబరులో అటారీ తన దగ్గర మిగిలిపోయిన సరుకును లారీలకెత్తి న్యూమెక్సికోలోని అలమొగోర్డో పట్టణం చెత్తగుట్టలో పూడ్చి, పైన కాంక్రీటు పోయించింది. ఇదంతా కట్టుకథ అని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2014 ఏప్రిల్ 26న తవ్వితే క్యాసెట్లు బయటపడ్డాయి. సుమారు 1,300 పైకి తీశారు. వాటిలో ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది.

తయారీదారే వద్దనుకుని భూస్థాపితం చేసిన ఆ ఆటను ఈరోజుకీ ఆడవచ్చు. పాత అటారీ పెట్టె, అప్పట్లో అమ్ముడైన ఒక క్యాసెట్ దొరికితే చాలు. లక్షల మంది ఇష్టపడి ఆడిన 'ది క్రూ'కు ఆ అవకాశం లేకుండా పోయింది. ఆ తర్వాత కొందరు అభిమానులు కంపెనీ సర్వర్ ఏం బదులిచ్చేదో ఆరా తీసి, దాని బదులు తామే ఒక ప్రోగ్రాం రాసి, 2025 సెప్టెంబరులో పీసీలో దాన్ని మళ్లీ నడిపించారు. ఏడాదిన్నర పాటు జీతంలేని చాకిరీ చేస్తే గానీ డబ్బు పెట్టి కొన్న వస్తువు పనిచేయలేదు.

ఈ తేడా భారతీయ ఆటగాళ్లకు అర్థం కావడానికి అట్లాంటిక్ దాటాల్సిన పని లేదు. 'ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07' చాలు.

2006 నవంబరులో విడుదలైన ఆట అది. కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ తయారుచేసింది. ఆ తర్వాత ఈఏ పీసీకి, కన్సోల్‌కు మరో క్రికెట్ ఆట తేలేదు. అంటే ఆ ఆటకు ఐపీఎల్ తెలియదు. ఐపీఎల్ 2008లో పుట్టింది. ఆ ఆటకు భారత జట్టు కూడా సరిగా తెలియదు. లైసెన్సు లేని జట్ల ఆటగాళ్ల పేర్లను అక్షరాలు మార్చి పెట్టారు. అయినా దేశమంతటా హాస్టల్ గదుల్లో, నెట్ సెంటర్లలో, అన్నదమ్ములు వంతులు వేసుకునే ఇంటి కంప్యూటర్లలో రెండు దశాబ్దాలుగా క్రికెట్ అంటే అదే. కీబోర్డు రెండు మూలల దగ్గర ఇద్దరు కూర్చుని, ఒకరు బౌలింగ్ గుర్తును కదుపుతుంటే మరొకరు చూడనట్టు నటించే ఆట.

అది బతికింది అభిమానుల చేతుల్లో. ఆటలో జెర్సీ రంగు, బ్యాటు మీది స్టిక్కరు, స్టేడియంలో ప్రకటనల బోర్డులు, ఆటగాళ్ల ముఖాలు వేర్వేరు బొమ్మల ఫైళ్లుగా ఉంటాయి. జట్ల జాబితా మరో ఫైలు. ఈ ఫైళ్లను విప్పి, మార్చి, మళ్లీ లోపల పెట్టే చిన్న చిన్న పనిముట్లను కొందరు రాశారు. వాటితో మిగతావాళ్లు ప్యాచ్‌లు చేయడం మొదలుపెట్టారు. మొదట తప్పుడు పేర్లు సరిదిద్దారు. తర్వాత ఐపీఎల్ జట్లు తెచ్చారు. డెక్కన్ ఛార్జర్స్ పోయి సన్‌రైజర్స్ వస్తే ఆటలోనూ నారింజ జెర్సీ వచ్చింది. కొత్త సీజన్ వచ్చిన ప్రతిసారీ కొత్త ప్యాచ్, కొత్త స్కోరు పట్టీ, టీవీ చానల్ గ్రాఫిక్స్‌ను పోలిన మెనూలు. ప్లానెట్ క్రికెట్ లాంటి అభిమానుల వేదికల్లో ఒకరు ముఖాలు గీస్తే, ఒకరు స్టేడియం కడతారు, ఇంకొకరు ఫీల్డర్ల తెలివిని సరిచేస్తారు. ఎవరికీ పైసా ముట్టదు.

ఈ ఆట విడుదలైనప్పుడు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి మూడేళ్లు. 2024 డిసెంబరులో అతను మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు. అలాంటి కొత్త కుర్రాళ్లను కూడా ప్యాచ్‌లు తెచ్చుకుని ఆ పాత ఆటలోకి దించవచ్చు. వెనక వినిపించే వ్యాఖ్యానం మాత్రం మార్క్ నికొలస్‌ది, రిచీ బెనోది. 2015 ఏప్రిల్‌లో కన్నుమూసిన బెనో గొంతు తాను ఎన్నడూ చూడని తరం ఆట మీద ఇంకా పలుకుతోంది. ఏ కంపెనీ ప్రణాళికలోనూ లేని అందం ఇది.

ఇందులో చట్టం కోణం ఉందని ఒప్పుకోవాలి. మన దగ్గర ఆ రోజుల్లో ఈ ఆట ఆడిన ఎంతో మంది దగ్గర ఉన్నది కంపెనీ డిస్కు కాదు, నెట్ సెంటర్‌లో రాయించుకున్న సీడీ. కొత్త డిస్కు అమ్మేవాళ్లు ఇప్పుడు లేరు. అభిమానుల పని కూడా కాపీరైట్ చట్టం ముందు నిలబడి గట్టిగా మాట్లాడగల స్థితిలో లేదు. కానీ ఆట బతికి ఉండటానికి కారణం సాంకేతికమైనది. అది పూర్తిగా ఆడేవాళ్ల కంప్యూటర్‌లో ఉంది, నడవడానికి ఎవరి అనుమతీ అడగదు. అదే ఆటను సర్వర్‌కు కట్టేసి విడుదల చేసి ఉంటే, ఈఏ క్రికెట్ మీద ఆసక్తి వదులుకున్న రోజే కథ ముగిసేది.

అసలు ఆన్‌లైన్ దుకాణంలో 'కొను' అన్న మీట నొక్కితే చేతికి వచ్చేదేమిటి? చట్టం ప్రకారం వచ్చేది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. ఆ అనుమతిని ఎప్పుడైనా రద్దు చేయవచ్చని ఎవరూ చదవని ఒప్పందంలో ఎక్కడో రాసి ఉంటుంది. 'ది క్రూ' వ్యవహారంలో కాలిఫోర్నియాలో ఇద్దరు ఆటగాళ్లు కోర్టుకెక్కితే, యూబీసాఫ్ట్ వాదన ఇదే. వాళ్లు కొన్నది పరిమితమైన లైసెన్సు, శాశ్వత హక్కు కాదు అని.

అదే కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు అది కేవలం లైసెన్సు అని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. ఇంటర్నెట్ లేకుండా శాశ్వతంగా దాచుకుని వాడుకోగలిగేలా ఇస్తే ఈ నిబంధన వర్తించదు. పీసీ ఆటల అతిపెద్ద దుకాణం స్టీమ్, చట్టం అమలుకు ముందే తన కొనుగోలు పేజీలో ఆ ముక్క చేర్చింది. పోలండ్ దుకాణం జీఓజీ తన దగ్గర కొన్న ఆటల ఇన్‌స్టాలర్‌ను దాచుకుంటే ఎవరూ లాక్కోలేరని ప్రచారం చేసుకుంది. చట్టం ఆటను కాపాడదు, కొనేవాడికి నిజం చెప్పిస్తుంది. అదీ తక్కువేమీ కాదు.

భారత్‌లో కోట్ల మంది ఈ పాఠాన్ని మరో దారిలో నేర్చుకున్నారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30న సర్వర్లు కూడా ఆగాయి. కారణం వేరు. ఇక్కడ కంపెనీ వదిలేయలేదు, ప్రభుత్వం దేశ భద్రత, డేటా విషయమై అడ్డుకుంది. ఆడేవాళ్లకు మిగిలిన ఫలితం మాత్రం ఒకటే. లాక్‌డౌన్ నెలల్లో రాత్రి భోజనాలయ్యాక వేర్వేరు ఊళ్ల నుంచి ఒకే స్క్వాడ్‌లో చేరిన స్నేహితులు, ర్యాంకు పెంచుకోవడానికి తెల్లవార్లూ కూర్చున్న కుర్రాళ్లు, పాకెట్ మనీతో ఆటలో చెల్లే యూసీ కొని గన్ స్కిన్‌లు తీసుకున్నవాళ్లు ఒక పొద్దున్న లేచేసరికి అకౌంట్ లేనివాళ్లయ్యారు.

2021 జులై 2న దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' పేరుతో మళ్లీ తెచ్చింది. పాత అకౌంట్‌లోని సామాను కొత్తదానికి మార్చుకునే వీలు కొంతకాలం ఇచ్చింది. 2022 జులై 28న అదీ యాప్ స్టోర్లలోంచి మాయమైంది. 2023 మే నెలలో మూడు నెలల ప్రయోగ అనుమతితో తిరిగి వచ్చింది. ఈ మధ్యలో ఈ ఆటనే వృత్తిగా పెట్టుకున్నవాళ్లున్నారు. టోర్నమెంట్లు ఆడేవాళ్లు, యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారాలు చేసి ఇంటికి డబ్బు పంపేవాళ్లు, వాళ్ల వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు. సెలవు రోజు ఆడుకునేవాడికి పోయింది కాలక్షేపం. వీళ్లకు పోయింది నెల జీతం. గేమింగ్‌ను ఉద్యోగంగా ఎంచుకోవచ్చని పిల్లలకు చెప్పే సభల్లో ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. క్రికెటర్ ఆడే మైదానాన్ని ఎవరూ రాత్రికి రాత్రి ఫోన్‌లోంచి తీసేయలేరు.

'ది క్రూ' మూతపడిన నెలలోపే ఒక మనిషి ఈ పద్ధతికి ఎదురు తిరిగాడు. రాస్ స్కాట్ అనే అమెరికన్ యూట్యూబర్, పోలండ్‌లో ఉంటాడు. 2024 ఏప్రిల్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. అతని కోరిక జాగ్రత్తగా గీసిన గీత. సర్వర్లను కలకాలం నడపమని అడగలేదు. ఆట లోపలి కోడ్‌ను బయటపెట్టమనీ అడగలేదు. మద్దతు ఆపే రోజున ఆటను ఏదో ఒక రూపంలో ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమన్నాడు. అంతే.

ఐరోపా సమాఖ్యలో పౌరులు ఒక ఏడాదిలో 10 లక్షల సంతకాలు, కనీసం ఏడు దేశాల్లో నిర్ణీత సంఖ్యలు సాధిస్తే ఐరోపా కమిషన్ ఆ విషయానికి అధికారికంగా జవాబివ్వాలి. చట్టం చేయాలన్న నిబంధన లేదు, జవాబు మాత్రం తప్పదు. 2024 జులై 31న మొదలైన ఈ సంతకాల సేకరణ మొదట్లో ఊపందుకుని, తర్వాత నెలల తరబడి చల్లబడింది. 2025 జూన్‌లో ఇక ఇది గట్టెక్కదేమోనని స్కాట్ ఒక వీడియో పెట్టాడు. దాన్ని చూసి పెద్ద యూట్యూబర్లు, స్ట్రీమర్లు కదిలారు. జులై 3కల్లా 10 లక్షలు దాటింది. గడువు ముగిసే సరికి 14 లక్షలు దాటాయి. బ్రిటన్ పార్లమెంటుకు వేసిన వేరే పిటిషన్ మీద కూడా లక్షకు మించి సంతకాలు పడ్డాయి.

పరిశ్రమ తన వాదన వినిపించింది. ఐరోపా కంపెనీల సంఘం 'వీడియో గేమ్స్ యూరప్' చెప్పినదాని సారం ఇది: చాలా ఆటలను మొదటి నుంచీ ఆన్‌లైన్‌కే కట్టాం. వాటిని అభిమానుల సర్వర్లకు అప్పగిస్తే ఆటగాళ్ల సమాచార భద్రతకు, అక్కడ జరిగే తప్పుడు పనులకు జవాబుదారీ ఎవరు? ఇలాంటి నిబంధన పెడితే ఆటలు తయారుచేయడమే భారమవుతుంది. ఈ ప్రశ్నల్లో పస లేకపోలేదు. వేరే కంపెనీల దగ్గర అద్దెకు తీసుకున్న సాఫ్ట్‌వేర్ ముక్కలు సర్వర్‌లో ఉంటాయి, వాటిని ఎవరికి పడితే వాళ్లకు పంచలేరు. పదేళ్ల కిందటి ఆటను ఇప్పుడు విప్పి ఆఫ్‌లైన్ చేయమంటే ఖర్చు నిజంగానే ఎక్కువ.

కానీ చేసినవాళ్లున్నారు. వేలన్ స్టూడియోస్ అనే అమెరికన్ సంస్థ తన 'నాకౌట్ సిటీ' సర్వర్లను 2023 జూన్‌లో ఆపేస్తూ, ఆటగాళ్లే సొంతంగా సర్వర్ నడుపుకునే పీసీ వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చి వెళ్లింది. జపాన్ వారి 'గ్రాన్ టూరిస్మో స్పోర్ట్' ఆన్‌లైన్ సేవ 2024 జనవరి 31న ముగిసింది. దానికి ముందే ఇంటర్నెట్ లేకుండా ఆట సాగేలా అప్‌డేట్ ఇచ్చారు. 'రెడ్‌ఫాల్' తయారుచేసిన స్టూడియోను మైక్రోసాఫ్ట్ మూసేస్తున్నా, చివరి అప్‌డేట్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం వచ్చింది. యూబీసాఫ్ట్ కూడా ఈ గొడవ తర్వాత 'ది క్రూ 2'కు ఆఫ్‌లైన్ దారి చూపించింది. పని కష్టమే కానీ అసాధ్యం కాదని ఇవి రుజువు చేస్తున్నాయి. ఆట గీయడం మొదలుపెట్టిన రోజే ముగింపు రోజును కూడా లెక్కలో వేసుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది. డబ్బు తీసుకునే ముందు ఆ లెక్క వేయమని అడగడం అత్యాశ కాదు.

ఇదంతా ఇప్పటి ఆటల సంగతి. పాతవాటి పరిస్థితి ఇంకా దయనీయం. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం అప్పటికి ఎక్కడా అమ్మకంలో లేవని తేల్చింది. మ్యూజియంలు, లైబ్రరీలు పాత ఆటలను దాచవచ్చు గానీ, పరిశోధకులు దూరం నుంచి ఆడి చూసేందుకు అనుమతి ఇవ్వడానికి అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో నిరాకరించింది. ఒక ఆట గురించి రాయాలంటే అది ఉన్న ఊరికి రైలెక్కి వెళ్లాలి.

కంపెనీలే కాపాడతాయిలే అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. జపాన్ కంపెనీ కొనామీ 2012లో తన ప్రసిద్ధ 'సైలెంట్ హిల్' ఆటలను కొత్త టీవీలకు తగ్గట్టు మళ్లీ విడుదల చేయాలనుకుంది. వెతికితే పూర్తయిన ఆట కోడ్ దొరకలేదు, పనిలో ఉన్నప్పటి అసంపూర్ణ ప్రతి దొరికింది. ఫలితం తప్పులతడకగా వచ్చింది. స్క్వేర్ ఎనిక్స్ సంస్థకు 'కింగ్‌డమ్ హార్ట్స్' మొదటి ఆట మూలసామగ్రి కనిపించక, అమ్మిన డిస్కులోంచే తిరిగి తవ్వుకుని కట్టుకోవాల్సి వచ్చింది. సినిమా నెగెటివ్‌లు పోగొట్టుకున్న దేశం మనది కాబట్టి ఈ బాధ మనకు సులభంగా అర్థమవుతుంది.

కాపాడింది ఎక్కువగా అభిమానులే. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన 'మేమ్' అనే ప్రోగ్రాం, వీధి దుకాణాల్లోని ఆర్కేడ్ యంత్రాల ఆటలను ఇంటి కంప్యూటర్‌లో యథాతథంగా నడుపుతుంది. ఇలాంటివాటిని ఎమ్యులేటర్లు అంటారు. 2004లో వచ్చిన 'సిటీ ఆఫ్ హీరోస్' అనే ఆన్‌లైన్ ఆటను దాని యజమాని ఎన్‌సీసాఫ్ట్ 2012 నవంబరు 30న మూసేసింది. కొందరు ఏళ్ల తరబడి గుట్టుగా ఒక సర్వర్ నడిపారు, 2019లో ఆ రహస్యం బయటపడింది. కేసు పడుతుందని అందరూ భయపడ్డారు. చివరికి 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ ఆ అభిమానుల బృందానికే అధికారిక లైసెన్సు ఇచ్చింది. అన్ని కథలూ ఇలా తేలవు. తన 'స్విచ్' ఆటలను పీసీలో నడిపే 'యూజు' ఎమ్యులేటర్ మీద నింటెండో కేసు వేస్తే, 2024 మార్చిలో దాని తయారీదారులు 24 లక్షల డాలర్లు కట్టి దుకాణం కట్టేశారు. అప్పటికి ఆ ఆటలు దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి. అమ్మకంలో ఉన్నదానికీ, యజమానే వదిలేసినదానికీ మధ్య గీత చట్టంలో లేదు. ఉండాలి.

మన హైదరాబాద్‌కు ఇందులో సొంత పద్దు ఉంది. 2009లో సోనీ ప్లేస్టేషన్ 2కు 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట వచ్చింది. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసింది. పూర్తిగా భారత్‌లో తయారై కన్సోల్‌కు వెళ్లిన తొలి ఆట అది. దేవుణ్ణి మీటలతో ఆడించడమేమిటని అమెరికాలో కొందరు హిందువులు అభ్యంతరం చెప్పారు కూడా. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' చేసింది. బిళ్లంగోడు, కబడ్డీ, గాలిపటాల పందెం ప్లేస్టేషన్ తెర మీదికి వచ్చాయి. ఇప్పుడు ఈ రెండూ ఏ దుకాణంలోనూ కొత్తగా దొరకవు. అవి ఎంత బాగున్నాయన్నది వేరే చర్చ. తెలుగు నేల మీద కన్సోల్ ఆటలు కట్టడం నేర్చుకున్న తొలి తరం చేతిరాత అవి. అదృష్టవశాత్తూ అవి డిస్కులో పూర్తిగా ఉన్న ఆటలు, పాత ప్లేస్టేషన్ ఉంటే ఇప్పటికీ నడుస్తాయి. తర్వాత ఇక్కడ పుట్టిన మొబైల్ ఆటల్లో ఎన్నో సర్వర్‌తోనే వచ్చాయి, సర్వర్‌తోనే పోయాయి.

1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా వంటి మరికొన్ని గ్రంథాలయాలకు పంపాలి. వీడియో గేమ్‌కు అలాంటి ఏర్పాటు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. దేశంలోని గేమ్ డెవలపర్ల వార్షిక సదస్సు చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది. రాయితీలు, భవనాల గురించి మాట్లాడే ఆ వేదికల మీద ఒక చిన్న పద్దు చేర్చవచ్చు. ప్రభుత్వ సాయం తీసుకున్న ప్రతి స్టూడియో తన ఆట ఆడదగిన ప్రతి ఒకటి, సర్వర్ ఉన్న ఆటైతే ఆ సర్వర్ ప్రోగ్రాంతో సహా, ఒక యూనివర్సిటీ లైబ్రరీకి జమచేయాలన్న షరతు. పని మొదలుపెట్టడానికి 'హనుమాన్', 'దేశీ అడ్డా' డిస్కులు, పనిచేసే ఒక ప్లేస్టేషన్ 2 సరిపోతాయి. ఆ రెండు ఆటలు కట్టినవాళ్లలో చాలామంది ఇంకా ఈ రంగంలో పనిచేసే వయసులోనే ఉంటారు. వాళ్లను పిలిచి, ఏ బొమ్మ ఎందుకు అలా గీశారో, ప్లేస్టేషన్‌కు కోడ్ రాయడం ఎలా నేర్చుకున్నారో అడిగి రాయించుకోవడానికి ఇదే సమయం.